పాతపడవలోని క్రొత్తబల్లలు

మనుష్యుడు చేయు బాగుసేతలు రెండు తెఱగులు. చూచువారి కన్నులకొఱకు చేయునది యొకటి. వాడుకొనువారి కాళ్లకొఱకు చేయునది యొకటి. ధనము సమృద్ధిగా నున్నయెడ ఈ రెండును కలసియే నడచును. అప్పుడు చిక్కు లేదు. చేతిలోని సొమ్ము చాలనప్పుడు మాత్రము రెంటికిని ఎడబాటు కలుగును. ఉన్న కొలదిపాటి ద్రవ్యమును కనబడు వైపున వెచ్చింపవలయునా, కనబడని వైపున వెచ్చింపవలయునా? లేమి మన ధర్మమును తగ్గించునా? ఈ ప్రశ్నలు నాకు శాస్త్రగ్రంథములు చదువునప్పుడు కలిగినవి కావు. గౌతమీతీరమున మా మేనమామగారి పాతపడవలో, విఱిగిన యొక బల్లయొద్ద కలిగినవి.

మా మామయ్యగారి గ్రామము తాళ్లరేవునకు సమీపమున నున్నది. ఆ ప్రాంతమున పడవలు కట్టుట తరతరములనుండి వచ్చుచున్న వృత్తి. చేరువనున్న కోరంగి యొకప్పుడు ఓడలు కట్టుటకును, దెబ్బతిన్న యోడలను బాగుచేయుటకును పేరువడసిన రేవు. 1789వ సంవత్సరమునను, 1839వ సంవత్సరమునను వచ్చిన తుఫానులలో ఉప్పెనలు దానిని ముంచివేసెను. ఓడల వైభవము పోయినను పడవల యవసరము పోలేదు. ఏటి నడుమనున్న లంకపొలములకు పోయి వచ్చుటకు రైతులకును కూలివారికిని పలుచోట్ల నేటికిని పడవయే దారి. మా మామయ్యగారి పడవ అట్టివానిలో నొకటి. దాని అడుగుకు పైగా అడ్డుకఱ్ఱలు వేసి, వానిమీద బల్లలు పఱచియుందురు. ఎక్కినవారు నిలుచుటయు, మోపులు దింపుటయు, మేకలను కట్టుటయు ఆ బల్లలమీదనే.

నేను హైదరాబాదులో ఫిలింనగరు దిగువను కాపురముండి, బడిలో పాఠములు చెప్పుకొని జీవించువాడను. కొన్నియేండ్లక్రిందట మామయ్యగారు టెలిఫోనులో, "ఒరే అబ్బాయీ, పడవలో బల్లలన్నీ పుచ్చిపోయాయి. కొత్తవి వేయించాలి. టేకు కొనే తాహతు మనకు లేదు" అనిరి. నేను నా జీతమునుండి కొంత సొమ్ము పంపితిని. సొమ్ముతోపాటు ఒక సలహా కూడ పంపితిని: "మామయ్యా, మామిడిచెక్క చవక. దానిమీద వార్నీషు కొట్టించు, చూడటానికి బాగుంటుంది. మిగిలిన డబ్బుతో పడవకు బయట రంగు వేయించు." ఆయన అట్లే చేయించిరి. బల్లల పైమొగమున వార్నీషు పడెను. అడుగుమొగములును కొనలును పచ్చిగనే యుండిపోయెను. బల్లకు బల్ల సందు లేకుండ చేర్చి, ఇనుపమేకులతో బిగగొట్టిరి. పని ముగిసిన పిదప ఛాయాచిత్రము నొకదానిని నాకు పంపిరి. పడవనేల అద్దమువలె మెఱయుచుండెను. దానిని తోడి యుపాధ్యాయులకు చూపి మురిసిపోయితిని.

రెండు వర్షఋతువులు గడచెను. రెండవయేటి కార్తికమాసమున, లంకలో గడ్డి కోసికొని తలపై మోపుతో పడవనెక్కిన యొక కూలిస్త్రీ కాలు బల్లను చీల్చుకొని క్రిందికి దిగిపోయెను. చీలమండ విఱిగెను. కొన్నినెలలు ఆమె కూలికి పోలేకపోయెను. వైద్యమునకైన వ్యయమును మేము భరించితిమి. భరించి, ఋణము తీఱినదనుకొంటిమి. సెలవులలో నేను పోయినప్పుడు మామయ్యగారు, "పైకి చూస్తే నిక్షేపంలా ఉందిరా! లోపల ఇలా ఉందని ఎలా తెలుస్తుంది?" అని వాపోయిరి. ఆయన మాట నిజమే. విఱిగిన బల్ల పైమొగము అప్పటికిని మెఱయుచునే యుండెను. తిరుగవేసి చూడగా అడుగుమొగము వ్రేలు దిగునంత మెత్తనై యుండెను. ఆ మెఱపును నమ్మియే ఆమె కాలు మోపినది. ఆ మెఱపునకు సలహా యిచ్చినవాడను నేను.

నేను పట్టణమునకు తిరిగివచ్చిన పిదపగూడ ఆ బల్ల నా మనస్సును వీడలేదు. జూబిలీహిల్సునందును ఫిలింనగరునందును ఏఱు లేదు, రేవు లేదు. ఉన్నవి బండలును ఎత్తుపల్లములును. అయినను ఇచ్చటగూడ పడవలు పుట్టుచుండును. తెలుగు చలనచిత్రములకు గోదావరిపై మక్కువ మెండు. 1964లో వెలువడిన 'మూగమనసులు'లో కథానాయకుడు పడవవాడు. 1973 నాటి 'అందాలరాముడు'ను, 2006 నాటి 'గోదావరి'యు పడవప్రయాణముచుట్టును అల్లుకొన్న కథలు. చలనచిత్రములలోని పడవలు కొన్ని ఏటిలో నిజముగా తేలునవి. కొన్ని సెట్టునకై కట్టినవి. మా వీధికి ఎగువనున్న యొక కొట్టులో వడ్రంగి యొకడు ప్లైవుడ్డుతో అట్టి పడవనొకదానిని కట్టుచుండెను. క్రొత్తచెక్కకు రంగులతో నూఱేండ్ల ముసలితనము తెచ్చుచున్న యాతని నేర్పును చూచుచు నిలిచితిని. మాటలలో అతనిది మా తాళ్లరేవు ప్రాంతమే యనియు, అతని తండ్రి పడవలు కట్టినవాడనియు తెలిసెను. నా కథ చెప్పితిని. అతడు ఉలి క్రిందపెట్టి యిట్లనెను: "మాస్టారూ, సినిమా పడవకు కెమెరా ఉన్న వైపే వైపు. మూడు రోజులు నిలబడితే చాలు. రేవులో పడవకు అన్నీ వైపులే. మీరు రేవు పడవకు సినిమా పని చేయించారు."

సెట్టువడ్రంగి అబద్ధమాడుచున్నాడని ఎవ్వరును తలపరాదు. అతని పడవనెక్కి ఏఱు దాటువాడు లేడు. చూచువాడును అది బొమ్మయని యెఱుగును. బొమ్మకు చెల్లు ధర్మమును బ్రతుకుపడవకు అంటగట్టిన నాయందే దోషమున్నది. ఈ యెఱుక కలిగినపిమ్మట ఆ వడ్రంగియొద్దనే నేను శిష్యుడనైతిని. చెక్క యేల కుళ్లునో, కుళ్లకుండ నెట్లు కాపాడవలయునో అతడు చెప్పినదానిని నేను చదివిన శాస్త్రముతో సరిచూచుకొంటిని. రెండును ఏకీభవించెను.

నీరు తగిలినందున చెక్క కుళ్లునని మనమందుము. అది సగము నిజము. చెక్కను తినునది బూజుజాతికి చెందిన శిలీంధ్రము. దానికి తేమయు, గాలియు, వెచ్చదనమును కావలయును. చెక్కలో తేమ నూటికి 20 పాళ్లకు లోబడియున్నంతకాలము అది తలయెత్తజాలదు. చెక్క నిరంతరము నీట మునిగియున్నప్పుడు గాలి చాలనందున అప్పుడును దాని యాట సాగదు. స్వీడనుదేశపు 'వాసా' యను ఓడ 1628లో మునిగి 1961లో పైకి తీయబడెను. 333 సంవత్సరములు చల్లని నీటియడుగున నుండియు దాని కొయ్య నిలిచెను. ఉప్పు తక్కువగుటచే ఓడలను తొలుచు పురుగు ఆ సముద్రభాగమున లేకుండుటయు అందులకు తోడ్పడెను. పైకి తీసినతరువాతనే కష్టము మొదలయ్యెను. చెక్క పగిలిపోకుండ 17 ఏండ్లు దానిపై మందునీటిని చల్లవలసివచ్చెను. కావున నిండుతడియు చెక్కకు హాని సేయదు, నిండుపొడియు హాని సేయదు. కీడెల్ల నడిమి స్థితియందున్నది. పడవలోని నేలబల్ల యెల్లప్పుడు ఆ స్థితియందే యుండును. పైనుండి వానచినుకు, క్రిందనుండి నిలువనీటి చెమ్మ, నడుమ గాలి యాడని చీకటి. అట్టి బల్లకు పైమొగమునమాత్రము వార్నీషు పూసినచో, అడుగునుండి యెక్కిన చెమ్మ వెలికి పోవు దారిలేక లోపలనే నిలిచిపోవును. బల్లను కాపాడితినని నేననుకొన్నాను; బూజునకు మూతగల పాత్ర నమర్చితిని.

వడ్రంగి నాకు చెప్పిన మొదటిమాట, బల్లలజోలికి పోకముందు నీటి సంగతి చూడుమని. పడవయడుగున సందులు విప్పి, పాతపత్తిని లాగివైచి, క్రొత్తపత్తియు గుగ్గిలమును కూరించితిమి. ఉప్పునీటికంటె వాననీరు కుళ్లునకు అనుకూలమగుటచే, పడవ రేవున నున్నప్పుడు పైన టార్పాలినుగుడ్డ కట్టి, ప్రక్కలను గాలికి విడిచితిమి. పిమ్మట చెక్క. క్రొత్తటేకు మాకందదు. పాతయిండ్లు విప్పినచోట అమ్మకమునకు వచ్చు టేకుబల్లలు కొన్ని వెదకి తెచ్చి, కాలు తఱచుగా పడు నడుమభాగమునకు వానిని వాడితిమి. మూలలకు మామిడియే. ఆ మామిడిబల్లలను వెలిగారమును బోరికామ్లమును కరగించిన నీటిలో నానవైచి నీడను ఆఱబెట్టితిమి. ఆ మందు బూజునకు విషము. కాని నీట కరగిపోవునది. అందుచే దానిపై నూనెపూత తప్పదు.

నూనె పట్టించుటలోనే అసలు మర్మమున్నది. చెక్క తన పైమొగమునుండి కంటె కోసిన కొననుండి అనేకరెట్లు వేగముగా నీటిని పీల్చును. చెట్టుగా నున్నప్పుడు నీరెక్కిన నాళములు అచ్చటనే నోరు తెఱచుకొనియుండును. కావున సొమ్ము తక్కువగానున్నవాడు మొదట కొనలను కాపాడవలయును. లోతులేని పళ్లెములో అవిసెనూనె పోసి, ప్రతిబల్ల కొనను రాత్రియంతయు అందుంచితిమి. తెల్లవాఱి ఆఱబెట్టి, మరల పూసితిమి. తరువాత ఆఱు మొగములకును పలుచగా, ఒకపూత యాఱినపిదప నింకొకపూతగా పట్టించితిమి. ఇంట నూనెపని చేసికొనువారికి ఇచ్చట నొక హెచ్చరిక చెప్పవలసియున్నది: అవిసెనూనె పీల్చిన గుడ్డపేలికలను ఉండచుట్టి మూలను పాఱవేసినచో అవి తమంతట తామే వేడెక్కి మండును. వానిని ఆరుబయట పఱచి యాఱవేయవలయును, లేదా నీటిలో ముంచవలయును. తీరమున కొందఱు జీడిపిక్కల పెంకునూనెను వాడుదురు. అది చెక్కకు మేలే గాని చర్మమును కాల్చును. పిల్లలు మెలగుచోట దానిని చేరనీయరాదు.

బల్లలను మేకులతో బిగింపలేదు. చెక్క నీటిని పీల్చినప్పుడు పొడవున పెరుగుట అత్యల్పము, వెడల్పునమాత్రము ఉబ్బును. కావున నాలుగైదు మిల్లీమీటర్ల సందు విడిచి, అడ్డుకఱ్ఱల నడుమ ఊరక యమర్చితిమి. ప్రతిబల్లకును వ్రేళ్లు దూరునట్టి రంధ్రము పెట్టి, కోసిన రంధ్రపుటంచునకు కూడ నూనె పట్టించితిమి. ఎవరైనను ఎప్పుడైనను బల్లనెత్తి అడుగు చూడవచ్చును. ఎక్కుచోట కాలు జారకుండ, తడిరంగుమీద సన్నని గోదావరియిసుక చల్లితిమి. ఏటేట వానలు వెనుకబట్టిన పిదప బల్లలన్నియు తీసి, కడిగి, నీడను ఆఱబెట్టి, మరల నొకపూత వేయవలయును. ఈ పనికంతకును అయిన వ్యయము మొదటిసారి వార్నీషుతోను రంగుతోను అయినదానిని మించలేదు. మించినది శ్రమ. సెలవులలో పదునైదుదినములు నేనును, మామయ్యగారును, వారి కుమారుడును చేతులు నల్లబడునట్లు పనిచేసితిమి.

ఇంతవఱకు చెప్పినది వడ్రము. ధర్మమిందు ఎచ్చటనున్నదని చదువరులడుగవచ్చును.

పేదవాడు చేయగలిగినది చేసినాడు, అతనిని నిందించుట న్యాయమా యని మొదట నేనే నన్ను సమర్థించుకొంటిని. టేకు కొనలేనివానిని టేకు వేయలేదని నిందించుట అన్యాయమే. కాని మేము వార్నీషు కొంటిమి. వెలుపలి రంగు కొంటిమి. ఆ సొమ్ములో కొంతభాగము కొనలకును అడుగుమొగములకును సరిపోయెడిది. కావున ఆ కూలిస్త్రీ కాలు విఱుగుటకు మా లేమి కారణము కాదు; మా వెచ్చింపు కారణము. లేమిని సాకుగా చెప్పుకొనువారు తమ వ్యయములపట్టికను ఒక్కసారి విప్పి చూచుకొనవలయును. అందు అలంకారమునకు పద్దు ఉన్నంతవఱకు ఆ సాకు చెల్లదు. ఒకవేళ నిజముగనే చేతిలో చిల్లిగవ్వ లేదనుకొందము. అప్పుడును ఒక ధర్మము మిగిలియుండును. పుచ్చిన బల్లపై నొకకఱ్ఱ యడ్డముపెట్టి, "ఇక్కడ కాలు పెట్టకండి" అని చెప్పుటకు ద్రవ్యమక్కఱలేదు. లేమి మనకు టేకును దూరము చేయగలదు గాని సత్యమును దూరము చేయజాలదు. పుచ్చును చూపించు పేదపడవ ఎక్కువానికి ద్రోహము చేయదు.

మితవ్యయమునకును లోభమునకును భేదమిచ్చటనే తేటపడును. లోభి ధనమును కాపాడుకొనును. మితవ్యయి వస్తువును కాపాడును. మొదటివాడు ఏది మానవచ్చునో వెదకును. రెండవవాడు ఏది మొదట చేయవలయునో వెదకును. ధనము చాలనిచోట జ్ఞానమును శ్రమయు దాని స్థానమును చాలవఱకు పూరింపగలవు. ఈ రెండును కూడ వెచ్చింపనివాడు తాను పేదనని చెప్పుకొనుట కేవలము మాట.

బల్లలు మార్చిన పడవ పాతపడవయేనా యని తాత్త్వికులు బహుకాలము వాదించిరి. థీసియసు ఎక్కివచ్చిన యోడను ఏథెన్సువారు కాపాడుచు, కుళ్లిన పలకకు మాఱుగా క్రొత్తపలక వేయుచుండిరనియు, అది ఆ యోడయే యని కొందఱును కాదని కొందఱును తగవులాడిరనియు ప్లూటార్కు వ్రాసెను. మన దేశమున నైయాయికులు అవయవములకంటె వేఱుగా అవయవి కలదనిరి. భాగము మాఱినచో పూర్వపు అవయవి నశించి క్రొత్తది పుట్టుననిరి. నాగసేనుడు మిళిందునికి రథమను దృష్టాంతముచే, భాగములనాశ్రయించి వాడబడు పేరేగాని వేఱుగా రథమను వస్తువు లేదని బోధించెను. పాఠశాలలో ఈ వాదములు చెప్పుట నాకెంతయు ప్రీతి. కాని గడ్డిమోపుతో పడవనెక్కు స్త్రీకి ఇది పూర్వపుపడవయా కాదా యను సందేహము లేదు. తన బరువును ఈ బల్ల మోయునా యనునదే ఆమె యడుగు తత్త్వప్రశ్న. పడవయొక్క ఏకత్వమును పలకలయందుగాని పేరునందుగాని వెదకుటకంటె, దానిని ఏటేట విప్పి చూచు చేతులయందు వెదకుట మేలని నాకు తోచుచున్నది. ఆ చేతులు ఆగిననాడు ఒక్క పలకయు మాఱకున్నను ఆ పడవ పోయినట్లే.

భోజునిదని చెప్పబడు 'యుక్తికల్పతరువు'న నౌకానిర్మాణమునుగూర్చి కొంత కలదు. సముద్రమున పోవు నౌకల పలకలను ఇనుముతో బంధింపరాదని అందు విధింపబడినది; సముద్రములోని అయస్కాంతశిలలు లాగివేయునని కారణము. ఆ కారణమును నేడు ఎవ్వరును అంగీకరింపరు. కాని తడిచెక్కలో దిగిన యినుము త్రుప్పుపట్టి, చుట్టునున్న చెక్కను గూడ చెఱచునని మా పడవమేకులే సాక్ష్యమిచ్చెను. కారణము తప్పు, నియమమునందు మేలు కలదు. పూర్వులమాటను కన్నులు మూసికొని గ్రహించువాడును, కన్నులు మూసికొని త్రోసివేయువాడును ఈ సంగతి నెఱుగలేరు, పరీక్షించువాడే యెఱుగును. ఆ గ్రంథముననే కొయ్యకు నాలుగు జాతులు చెప్పబడినవి. తేలికయై మెత్తనిది బ్రాహ్మణజాతియట, తేలికయై గట్టిది క్షత్రియజాతియట, బరువై మెత్తనిది వైశ్యజాతియు, బరువై గట్టిది శూద్రజాతియునట. చూచితిరా! కొయ్యకు జాతిని నిర్ణయించునప్పుడు గ్రంథకర్త దాని గుణమును పరీక్షించెను. ఏ చెట్టు ఏ చెట్టునకు పుట్టినదని యడుగలేదు. కొయ్యపట్ల చూపిన యీ న్యాయమును మన సంఘము మనుష్యునిపట్ల చూపియుండినచో ఎంత బాగుండెడిది!

సంఘమును పాతపడవయే గదా. మనమును అందు క్రొత్తబల్లలు వేయుచునే యున్నాము. 1929లో బాల్యవివాహనిరోధపు చట్టము వచ్చెను. బాలికకు 14 ఏండ్లు నిండవలయునని యప్పుడు విధించిరి. 1978లో దానిని 18 ఏండ్లకు పెంచిరి. 1961లో వరకట్నము నిషేధింపబడెను. ఇవి మంచిబల్లలు, ఇవి వలదను మూర్ఖుడను నేను కాను. బల్ల లేనిచో కాలు నిలుచుటయే లేదు. కాని కట్నము నేటికిని ఆగలేదని మన బంధువుల యిండ్లలోనే యెఱుగుదుము. బాల్యవివాహములును పూర్తిగా సమసిపోలేదు. ఏలన, క్రింద నిలువనీరు తోడబడలేదు. ఆడుబిడ్డ పరులసొత్తను తలపు, కుమారుని చదువు పెట్టుబడియనియు కుమార్తె చదువు వ్యయమనియు వేసికొను లెక్క, అల్లుని జీతమును బట్టి గౌరవము కొలుచు వాడుక, ఇవియే ఆ నీరు. శుభలేఖలో మంచిమాటలు వ్రాయించి, లోపలిగదిలో కట్నము లెక్కించుకొను గృహస్థుడు పైమొగమునకు వార్నీషు పూయువాడే. సంస్కరణమునకు ధనము చాలదని వగచుట కంటె, ఇంటింట అడుగుబల్ల నెత్తి చూచుట మొదటిపని. దానికి ధనమక్కఱలేదు, కొంత సిగ్గును సహింపవలసియుండును.

ఈ మాట ఇతరులకు చెప్పు అధికారము నాకు తక్కువయే. మెఱయుచున్న ఛాయాచిత్రమును చూపి గర్వించినవాడను నేనే.

మొన్నటి సెలవులలో మరల గౌతమీతీరమునకు పోయితిని. క్రొత్తబల్లలు వేసి రెండు వానకాలములు గడచినవి. అవి మెఱయుట లేదు. నూనెకు నల్లబడి, ఎండకు వెలిసి, పాతవానివలెనే యున్నవి. కాలు విఱిగిన యామె నాటికి కోలుకొని మరల లంకకు పోవుచుండెను. నడకలో కొంచెము కుంటు మిగిలినది. మేమిచ్చిన వైద్యపుసొమ్ము ఆ కుంటును తీర్పజాలదు. ఆ ఋణము తీఱినదని యిప్పుడు నేననుకొనుట లేదు. ఆమె గట్టుమీదనే నిలిచి, "బాబుగారూ, ఆ బల్ల ఎత్తండి" అనెను. మామయ్యగారు రంధ్రమున వ్రేళ్లు పెట్టి బల్లనెత్తి, తిరుగవేసి పట్టుకొనిరి. ఆమె వంగి అడుగుమొగమును చూచెను, గోటితో కొన నొకసారి గీచెను. పైమొగమువంక చూడనేలేదు. తరువాత మోపునెత్తుకొని పడవ నెక్కెను.